పిచ్చుకల్లో రోగనిరోధక జన్యు వైవిధ్యం పెరగాలంటే బయటి పిచ్చుకల్ని తెచ్చి వదలాలా?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. విజయవాడ పటమట వైపు ఒక కాలనీ వాళ్లు చెక్క గూళ్లు బిగించి, వరి కంకుల కుచ్చులు కట్టి కొన్నేళ్లుగా పిచ్చుకల్ని నిలబెట్టుకున్నారు. ఇప్పుడో చిన్న గుంపు అక్కడే గూళ్లు పెట్టి పిల్లల్ని చేస్తోంది. "రోగనిరోధక జన్యువుల్లో వైవిధ్యం ఎక్కువున్న పక్షులు ఆరోగ్యంగా ఉంటాయని చదివాం. మా గుంపు చిన్నది. తెనాలి వైపు పల్లెల నుంచి ఓ పాతిక పిచ్చుకల్ని పట్టి తెచ్చి కలిపితే జబ్బులు తగ్గుతాయా? అందుకు కొంత డబ్బు కూడా పక్కన పెట్టాం. జన్యు పరీక్ష చేయిస్తే ఏ పక్షి గట్టిదో తెలుస్తుందా? గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుల్లోని గూడబాతులకి (పెలికాన్లకి) కూడా ఇదే వర్తిస్తుందా?" అని అడిగారు.

ముందు సమాధానం చెప్పేస్తాను. పిచ్చుకల్ని తేవద్దు. వైవిధ్యం మంచిదన్న మాట నిజమే, కానీ అది గుంపు మొత్తానికి, తరాల మీద కనిపించే మేలు. ఒక్క పక్షి సంగతికొస్తే దాని దగ్గర ఎన్ని రకాల జన్యువులున్నాయన్న దానికంటే ఏ రకం ఉంది, ఆ చోట ఏ జబ్బు తిరుగుతోంది అన్నదే ఎక్కువ తేడా చూపిస్తుంది. పరీక్షతో రకాలు తెలుస్తాయి గానీ 'ఇది గట్టి పక్షి' అని చెప్పే పరీక్ష లేదు. గూడబాతుల సంగతి వేరు, దాని గురించి కింద రాశాను.

నేను గుంటూరులో జువాలజీ చెబుతాను. అంతకుముందు చాలాకాలం పక్షుల రక్తంలోని పరాన్నజీవుల మీద, ఈ జన్యువుల మీద ల్యాబ్‌లో పనిచేశాను. ఆ అనుభవంతో రాస్తున్నాను. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

మీరు చదివిన వ్యాసంలో ఉన్నవి ఎంహెచ్‌సీ జన్యువులు అయ్యుంటాయి. మనుషుల్లో వీటినే హెచ్ఎల్ఏ అంటారు. ఇంట్లో ఎవరికైనా కిడ్నీ మార్పిడి జరిగి ఉంటే, మ్యాచింగ్ టెస్టు రిపోర్టులో ఆ పేరు చూసే ఉంటారు. ఇవి చేసే పని ఇది. ఒంట్లో ప్రతి కణం లోపలా ప్రోటీన్లు ఎప్పటికప్పుడు ముక్కలవుతూ ఉంటాయి. ఎంహెచ్‌సీ అణువుకి పైన ఒక గాడి ఉంటుంది. అందులో పట్టిన ముక్కని అది కణం పైకి తెచ్చి నిలబెడుతుంది. అటుగా తిరిగే టి-కణాలు (కాపలా కాసే తెల్ల రక్తకణాలు) దాన్ని తడిమి చూస్తాయి. సొంత ముక్క అయితే వదిలేస్తాయి, వైరస్‌దో మలేరియాదో అయితే దాడి మొదలవుతుంది. కణం లోపలి శత్రువుల ముక్కల్ని చూపించేవి క్లాస్ 1, బయటి నుంచి మింగిన బాక్టీరియా, పురుగుల ముక్కల్ని చూపించేవి క్లాస్ 2.

అసలు విషయం ఆ గాడి ఆకారంలో ఉంది. జన్యువులో కొద్దిపాటి తేడా వచ్చినా గాడిలో పట్టే ముక్కలు మారిపోతాయి. ఒకే జన్యువుకి ఉండే వేర్వేరు రూపాల్ని అల్లీళ్లు అంటారు. ఒక రకం అల్లీల్ ఉన్న పక్షికి ఒక వైరస్ ముక్క బాగా చిక్కుతుంది. ఇంకో రకం ఉన్న పక్షికి అదే వైరస్ కంటపడకుండా జారిపోతుంది. తల్లి నుంచి వచ్చిన రకం, తండ్రి నుంచి వచ్చిన రకం రెండూ పనిచేస్తాయి కాబట్టి, అవి వేర్వేరుగా ఉంటే చూపించగల ముక్కల సంఖ్య పెరుగుతుంది. డోహర్టీ, జింకర్‌నాగెల్ అనే ఇద్దరు 1970ల్లో ఈ లెక్కకి పునాది వేశారు, 1996లో వాళ్లకి నోబెల్ వచ్చింది. 'వైవిధ్యం ఉంటే ఆరోగ్యం' అన్న మాట వెనకున్న తర్కం ఇదే.

అయితే రకాలు పెరిగే కొద్దీ మేలు పెరుగుతూనే పోదు. టి-కణాలు థైమస్‌లో తయారవుతాయి. పక్షుల్లో ఈ థైమస్ మెడకి రెండువైపులా తమ్మెల వరసలా ఉంటుంది. ఒంటి సొంత ముక్కల మీద ఎగబడే టి-కణాల్ని ఒళ్లే అక్కడ చంపేస్తుంది, లేకపోతే అవి సొంత ఒంటినే తింటాయి. ఎంహెచ్‌సీ రకాలు పెరిగితే చూపించే సొంత ముక్కలూ పెరుగుతాయి, దాంతో అక్కడ చచ్చే టి-కణాలూ పెరుగుతాయి. కాపలాకి మిగిలేవి తగ్గుతాయి. అందుకే మరీ తక్కువా కాకుండా మరీ ఎక్కువా కాకుండా మధ్యలో ఉన్న జీవులకి మేలన్న వాదన ఉంది. స్టికిల్‌బ్యాక్ అనే చిన్న చేపల్లో అది బాగా కనిపించింది. పక్షుల్లో మాత్రం ఒక్కో జాతిలో ఒక్కో రకంగా తేలింది. వ్యాసాల్లో ఈ ముక్క వదిలేసి 'ఎంత ఎక్కువైతే అంత మంచిది' అని రాసేస్తుంటారు. నాకు బాధ కలిగించేది అదే, ఎందుకంటే అలాంటి వాక్యం చదివే మీలాంటి మంచి మనసున్న వాళ్లు పక్షుల్ని పట్టి తెద్దామనుకుంటారు.

ఇక లెక్కపెట్టడం. కోడిలో ఎంహెచ్‌సీ ప్రాంతం చాలా చిన్నది. 1999లో దాని క్రమం ప్రచురించినప్పుడు 92 కిలోబేస్‌లలో (కిలోబేస్ అంటే వెయ్యి డీఎన్ఏ అక్షరాలు) 19 జన్యువులు తేలాయి. అందులో అసలు పనిచేసే క్లాస్ 1 జన్యువులు రెండే, వాటిలోనూ ఒకటే ఎక్కువ భారం మోస్తుంది. పిచ్చుక, గోరింక, జిట్టంగి లాంటి చెట్టుపిట్టల వర్గంలో కథ పూర్తిగా వేరు. అక్కడ ఈ జన్యువులు పదేపదే నకళ్లు పడి పెరిగిపోయాయి. యూరప్ నుంచి ఆఫ్రికాకి వలస వెళ్లే సెడ్జ్ వార్బ్లర్ అనే చిన్న పిట్ట ఒక్కదానిలోనే 60కి పైగా క్లాస్ 1 రకాలు చూశారు. పీసీఆర్ (ల్యాబ్‌లో డీఎన్ఏకి లక్షల కాపీలు తీసే పద్ధతి) పెట్టినప్పుడు ఈ నకళ్లన్నీ ఒకేసారి పైకి వస్తాయి. ఏ రకం ఏ జన్యువుకి చెందిందో విడదీయడం కష్టం. రెండు రకాలు పీసీఆర్‌లోనే అతుక్కుని లేని మూడో రకాన్ని పుట్టిస్తాయి, దాన్ని ఏరి పారేయాలి. వాడిన ప్రైమర్ (కాపీ ఎక్కడ మొదలవ్వాలో చూపించే చిన్న డీఎన్ఏ ముక్క) మారితే సంఖ్యే మారిపోతుంది. పైగా డీఎన్ఏలో ఉన్న రకాలన్నీ కణం మీద కనిపిస్తాయనీ లేదు. కాబట్టి ఒక పిచ్చుకకి పన్నెండు, ఇంకోదానికి ఇరవై అని రిపోర్టు వస్తే, ఇరవై ఉన్నదే గట్టిదని చదవకూడదు.

కళ్లతో చూసి 'ఆరోగ్యంగా ఉంది' అనడం కూడా అంత తేలిక కాదు. పక్షుల ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది, మనకి ఉండదు. అందుకే రెక్క కింది నరం నుంచి తీసిన చిన్న చుక్క చాలు, డీఎన్ఏ పుష్కలంగా దొరుకుతుంది. అదే చుక్కని స్లయిడ్ మీద పలచగా పరిచి, ఆరబెట్టి, మిథనాల్‌లో ముంచి, గీమ్సా రంగు వేసి, నూనె లెన్స్ కింద పెడితే ఇంకో లోకం కనిపిస్తుంది. నేను ఎక్కువగా చూసినవి విజయవాడ వన్‌టౌన్ పావురాల స్లయిడ్లు. కోడిగుడ్డు ఆకారంలో వరసగా ఎర్రకణాలు, మధ్యలో ముదురు ఊదా రంగు కేంద్రకం. కొన్ని కణాల్లో ఆ కేంద్రకం చుట్టూ సగం వంపు తిరిగి పడుకున్న లేత నీలం పరాన్నజీవి, దాని ఒంట్లో నల్ల గోధుమ రంగు చుక్కలు. అది హీమోప్రోటియస్, మలేరియా క్రిమికి దగ్గరి బంధువు. పావురాల ఈకల్లో పరిగెత్తే చదునైన ఈగ కుట్టి దాన్ని ఒకదాని నుంచి ఒకదానికి ఎక్కిస్తుంది. ఆ రక్తం ఇచ్చిన పావురం మాత్రం చేతిలోంచి వదలగానే టపటపా రెక్కలు కొట్టి ఎదురు మేడ మీద వాలి గింజలు తింటుంది. ఇన్‌ఫెక్షన్ ఉండటం వేరు, జబ్బు పడటం వేరు. బతికిన పక్షినే మనం పట్టుకుంటాం, చచ్చిపోయింది మన స్లయిడ్ మీదికి రాదు. ఎంహెచ్‌సీ పరిశోధనల్లో ఈ చిక్కు ఎప్పుడూ ఉంటుంది. ఒక అల్లీల్ ఉన్న పక్షుల్లో మలేరియా ఎక్కువ కనిపించిందంటే, ఆ అల్లీల్ చెడ్డదనీ కావచ్చు, లేదా ఆ అల్లీల్ ఉన్నవే జబ్బుని తట్టుకుని బతికి ఉన్నాయనీ కావచ్చు. స్వీడన్‌లో గ్రేట్ రీడ్ వార్బ్లర్ అనే పిట్టల ఎంహెచ్‌సీ మీద జరిగిన పని చదివేటప్పుడు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఏ రకం అన్నది ముఖ్యమని ఎందుకంటున్నానో కోడి ఉదాహరణతో తేలిగ్గా అర్థమవుతుంది. కోళ్లలో మారెక్స్ అనే వైరస్ జబ్బు ఉంది, కోళ్లు పెంచేవాళ్లకి బాగా తెలుసు. బి21 అనే ఎంహెచ్‌సీ రకం ఉన్న కోళ్లు దాన్ని బాగా తట్టుకుంటాయి, బి19 ఉన్నవి తేలిగ్గా పడిపోతాయి. ఇది దశాబ్దాలుగా మళ్లీమళ్లీ రుజువైన విషయం. తెనాలి దగ్గర పందెం కోళ్లు పెంచే ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. మంచి డేగ పుంజు ఒకటి దొరికితే, దాని సంతతినే అన్నాచెల్లెళ్ల మధ్య కలుపుతూ వచ్చాడు. రంగు, కాలు, ముక్కు అన్నీ అచ్చు దిగాయి. కానీ మూడో నెలకే పిల్లలు ఒక కాలు ముందుకీ ఒక కాలు వెనక్కీ చాపి పడిపోవడం మొదలైంది, అది మారెక్స్ లక్షణం. పొరుగు కోళ్లకీ అదే గాలి, అదే మేత, అక్కడ ఇంత నష్టం లేదు. ఒక్క పుంజు రకమే గుంపంతా పరుచుకుని ఉంటే, ఆ రకానికి చిక్కని వైరస్‌కి గుంపంతా దారి ఇచ్చినట్టే. మన మిరప రైతులు ఊరంతా ఒకే విత్తనం వేసిన ఏడాది తెగులు వస్తే ఏమవుతుందో ఇదీ అంతే. ఆయనకి వేరే ఊళ్ల పెట్టల్ని తెచ్చి కలపమన్నాను, ఒకరోజు పిల్లకే మారెక్స్ టీకా వేయించమన్నాను.

"మరి ఆయనకి తెమ్మన్నారు, మాకు వద్దంటున్నారేంటి" అని మీరు అడగొచ్చు. ఆయన తెచ్చిన పెట్టల్ని ముందు విడిగా ఉంచాడు, పరీక్ష చేయించాడు, టీకా వేయించాడు. అవి ఆయన గంప కింద ఉండే కోళ్లు. మీ పిచ్చుకలకి వీటిలో ఏదీ చేయలేరు. ఇంకా ముఖ్యం, ఆయన మంద ఒకే పుంజు సంతతి అని ఆయనకి తెలుసు. మీ పిచ్చుకలు అలాంటివి కావు. గుంపు చిన్నగా కనిపించినంత మాత్రాన దాని జన్యువులు ఇరుకని అర్థం కాదు. పిల్ల పిచ్చుకలు పెద్దవయ్యాక ఒక పేట నుంచి ఇంకో పేటకి చెదిరిపోతాయి, ఏటా కొన్ని వచ్చి కలుస్తాయి. పటమట, ఆటోనగర్, కానూరు, యనమలకుదురు, వీటి మధ్య పిచ్చుకకి గోడలేమీ లేవు. ఎక్కడో ఒకచోట పొదలూ ధాన్యమూ దొరికితే చాలు, అవే వస్తాయి.

బయటినుంచి తెస్తే నష్టం ఏంటంటే, మొదటిది జబ్బు. పట్టి బుట్టలో పెట్టిన పక్షికి టెన్షన్ హార్మోన్లు ఒక్కసారిగా పెరుగుతాయి. అప్పటిదాకా లోపల అణిగి ఉన్న మలేరియా పైకి తేలుతుంది. అలాంటి పాతికని మీ గూళ్ల మధ్య వదిలితే మీ దోమలకి వాటి పరాన్నజీవులు దొరుకుతాయి. రెండోది, రోగనిరోధక రకాలు చోటుని బట్టి మారతాయి. ఫ్రాన్స్‌లో ఇదే ఊరపిచ్చుక మీద 2006 ప్రాంతంలో చేసిన పనిలో, మలేరియా తక్కువున్న పక్షుల్లో కనిపించిన ఎంహెచ్‌సీ రకం ఒక చోట ఒకటి, ఇంకో చోట ఇంకొకటి. ఒక ఊళ్లో పనికొచ్చిన రకం పక్క ఊరి క్రిమి మీద పనిచేస్తుందన్న హామీ లేదు. మూడోది చట్టం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అడవి పక్షిని పట్టాలన్నా, తరలించాలన్నా, రక్తం తీయాలన్నా అటవీ శాఖ అనుమతి ఉండాలి. మంచి ఉద్దేశం ఉన్నంత మాత్రాన కుదరదు.

మనుషులు వదిలిన పిట్టల కథ ఒకటి చెప్పాలి, మీ ప్రశ్నకి ఇంతకంటే దగ్గరిది నాకు తెలియదు. హౌస్ ఫించ్ అమెరికాలో పడమటి వైపు పిట్ట, మన పిచ్చుకంత ఉంటుంది, మగదానికి తల, గుండె ఎర్రగా ఉంటాయి. 1940లో న్యూయార్క్‌లో వీటిని పంజరాల్లో అమ్మేవాళ్లు, ఆ వ్యాపారం చట్టవిరుద్ధమని తేలాక, చేతిలో ఉన్నవాటిని వదిలేశారు. ఆ కొద్దిపాటి పిట్టల సంతతే తూర్పు అమెరికా అంతా కోట్లలోకి పెరిగింది. చూసినవాళ్లు భలే నిలదొక్కుకున్నాయనుకుని ఉంటారు. 1994 మొదట్లో వాషింగ్టన్ పరిసరాల్లో ఇంటి ముందు గింజల డబ్బాల దగ్గరికి కళ్లు వాచి, పుసులు కట్టి, కొమ్మ కూడా కనిపించని పిట్టలు వచ్చాయి. కారణం మైకోప్లాస్మా గాలిసెప్టికం. మన కోళ్ల ఫారాల వాళ్లు సీఆర్‌డీ అని పిలిచే దీర్ఘకాలిక శ్వాసకోశ జబ్బుకి కారణమైన బాక్టీరియానే అది. కోళ్ల నుంచి పిట్టల్లోకి దూకింది. మూడు నాలుగేళ్లలో తూర్పంతా పాకింది, చాలా చోట్ల ఫించ్‌లు సగానికి పడిపోయాయి. పట్టి పరీక్షించినప్పుడు, జన్యు వైవిధ్యం తక్కువున్న పక్షుల్లో జబ్బు ముదిరి కనిపించింది. ఇక్కడో తేడా గమనించండి. ఆ పరీక్షలో కొలిచింది జన్యువులన్నిటి మీద సగటు వైవిధ్యం, ఎంహెచ్‌సీ ఒక్కటే కాదు. దగ్గరి సంబంధాల్లో పుట్టిన పక్షికి అన్ని జన్యువుల్లోనూ వైవిధ్యం తగ్గుతుంది, ఎంహెచ్‌సీలోనూ తగ్గుతుంది. జబ్బుకి కారణం ఏదో విడదీయాలంటే రెండూ కొలవాలి. నా దగ్గరికి వచ్చే విద్యార్థులకి మొదట చెప్పేది ఇదే.

ఆ ఫించ్‌ల కథలో ఆశ కలిగించే ముక్క కూడా ఉంది. అలబామాలో జబ్బు తగిలిన ఫించ్‌లని, ఇంకా జబ్బు చేరని ఆరిజోనా ఫించ్‌లనీ పోల్చి చూస్తే, పుష్కర కాలంలోనే అలబామావి నిరోధక శక్తి పెంచుకున్నాయని తేలింది. చావగా మిగిలినవాటి పిల్లలు అవి. గుంపులో ఏదో మూల తట్టుకునే రకం ఉండబట్టే మిగిలాయి. నేను మొదట్లో వైవిధ్యం గుంపుకి మేలన్నది ఈ అర్థంలోనే.

రెండోవైపు కథలూ ఉన్నాయి. సీషెల్స్ దేశంలో కజిన్ అనే చిన్న దీవి మీద 1960ల్లో సీషెల్స్ వార్బ్లర్లు ముప్ఫై లోపే మిగిలాయి, ప్రపంచం మొత్తం మీద అవే. కొబ్బరి తోటలు తీసి అడవిని తిరిగి పెరగనిచ్చాక సంఖ్య పెరిగింది. 1988 నుంచి నాలుగు వేరే దీవులకి కొన్నింటిని తరలించారు. ఇప్పుడు వేలల్లో ఉన్నాయి. అక్కడ దాదాపు ప్రతి పక్షికీ కాలికి రంగు రింగులు వేసి పుట్టుక నుంచి చావుదాకా చూస్తారు కాబట్టి, అంత నమ్మకంగా చెప్పగలిగే చోటు ఇంకోటి అరుదు. మిగిలిన కొద్ది ఎంహెచ్‌సీ రకాల్లో ఒక్కటి, ఏఎస్ఈ-యూఏ4 అనేది, ఉన్న పిల్లలు ఎక్కువగా బతికాయి. జతగాడి ఎంహెచ్‌సీ వైవిధ్యం తక్కువైతే ఆడపక్షి అంతకంటే వైవిధ్యం ఉన్న పొరుగు మగదానితో పిల్లల్ని కన్న సందర్భాలు ఎక్కువ. ఇక్కడ తరలింపు సరైన పనే, ఎందుకంటే ఒక తుపానో ఒక జబ్బో వస్తే జాతే పోతుంది. ఏళ్ల లెక్కలు, పశువైద్యులు, ప్రభుత్వ అనుమతి, అన్నీ పెట్టుకుని చేశారు. ఊరపిచ్చుకకి ఆ అవసరం లేదు.

న్యూజిలాండ్ చాథమ్ దీవుల్లో బ్లాక్ రాబిన్ ఇంకా విచిత్రం. 1980లో ఐదే మిగిలాయి, గుడ్లు పెట్టి పిల్లల్ని చేయగల ఆడది ఒక్కటే. ఈనాడున్నవన్నీ దాని సంతతే. వాటిలో క్లాస్ 2 జన్యువులు చూస్తే అన్ని పక్షుల్లోనూ ఒకే రకం, తేడానే లేదు. అయినా రెండు వందలకి పైగా బతికే ఉన్నాయి. వైవిధ్యం లేకపోతే రేపే పోతాయని కాదు. ఆ దీవులకి కొత్త క్రిమి చేరనంతకాలం సాగుతుంది. చేరితే ఏమవుతుందో హవాయి చూపించింది. 1826లో ఓడ నీళ్లతో పాటు మావీ దీవికి క్యూలెక్స్ క్వింక్విఫాసియేటస్ దోమ చేరింది. తర్వాత పక్షుల మలేరియా వచ్చింది. దాన్ని ఎన్నడూ ఎరగని హనీక్రీపర్ పిట్టలు పల్లపు అడవుల్లో తుడిచిపెట్టుకుపోయాయి, దోమ బతకలేని చల్లటి కొండల మీదే మిగిలాయి.

ఆ దోమ ఏదో పరాయిది కాదు. మన ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువల పక్క మురుగులో పుట్టి సాయంత్రానికి ఇళ్లలోకి వచ్చే, బోదకాలు మోసే దోమే అది. దాని చరిత్ర కూడా మనకి దగ్గరదే. 1897లో సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ వేరే జాతి దోమ కడుపులో మనుషుల మలేరియా క్రిమిని చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో ఈ క్యూలెక్స్ దోమతోనే పక్షుల మలేరియా క్రిమి పూర్తి చక్రాన్ని తేల్చాడు. అంటే మన పిచ్చుకలు ఈ క్రిమితో తరతరాలుగా కలిసి బతుకుతున్నాయి. హవాయి పిట్టల్లా అవి అమాయకం కాదు. అయినా ఒత్తిడి పెరిగితే లెక్క మారుతుంది. లండన్ శివార్లలో 2006 నుంచి 2009 దాకా చూసిన పిచ్చుకల్లో సగటున నూటికి డెబ్బై నాలుగింటిలో మలేరియా ఉంది. గుంపు తగ్గడానికీ, ఎన్నింటికి ఉందన్న దానికీ సంబంధం కనిపించలేదు. ఒక్కో పక్షిలో క్రిమి ఎంత దట్టంగా ఉందన్న దానితో కనిపించింది. క్రిమి ఎలాగూ ఉంటుంది, దాన్ని అణిచిపెట్టే ఓపిక పక్షికి ఉందా లేదా అన్నదే చూడాలి.

ఉప్పలపాడు గురించి. పెదకాకాని మండలంలోని ఆ చిన్న చెరువుల్లో తుమ్మ చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, నత్తగుల్ల కొంగలు ఒకదాని మీద ఒకటి అన్నట్టు గూళ్లు పెడతాయి. ఇవి దూరాలు ఎగిరే పక్షులు, జన్యువుల కలయికకి దారి తెరిచే ఉంది. వాటి ప్రమాదం వేరేచోట ఉంది. 2021 చివర, 2022 మొదట్లో శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వందకి పైగా గూడబాతులు చనిపోయాయి. కడుపు నిండా నులిపురుగులు, అవి చేపల ద్వారా చేరాయి. పురుగుల మీద పోరాటం క్లాస్ 2 జన్యువుల పనే, నిజం. కానీ రోజూ తినే చేపలోనే పురుగులు కుప్పలుగా వస్తుంటే ఏ అల్లీల్ ఉన్నా ఒక హద్దు దాటాక ఆగదు. పరిష్కారం చెరువు నీళ్లలో ఉంది. రాబందులదీ ఇలాంటి కథే. అవి జబ్బుతో పోలేదు, పశువులకి వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందుతో పోయాయి. 2006లో పశువులకి దాన్ని నిషేధించాకే పతనం నెమ్మదించింది. విషానికి ఎంహెచ్‌సీ జవాబు కాదు. బర్డ్ ఫ్లూ లాంటి వేగమైన వైరస్ కూడా చాలాసార్లు ఎంహెచ్‌సీ పనిచేసేంత టైమ్ ఇవ్వదు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో, మన ఎన్టీఆర్ జిల్లాలో కోళ్ల ఫారాల్లో హెచ్5ఎన్1 బయటపడినప్పుడు చూశాం కదా. చెరువు దగ్గర ఒకేసారి నాలుగైదు పక్షులు చచ్చి కనిపిస్తే ముట్టుకోకండి, పిల్లల్ని దగ్గరికి పోనివ్వకండి, అటవీ శాఖకీ పశుసంవర్ధక శాఖకీ ఫోన్ చేయండి. శాంపిల్ భోపాల్ ల్యాబ్‌కి వెళ్లి తేలేదాకా అక్కడి నీళ్లు, రెట్టలు ఇంటికి మోసుకురాకండి. కోళ్ల వ్యర్థాలు కాలువలో పారేసేవాళ్లు కనిపిస్తే గట్టిగా అడగండి.

ఇక మీరు పక్కన పెట్టిన డబ్బు. మొదట గింజల పళ్లేలు, నీళ్ల గిన్నెలు శుభ్రం చేసే ఏర్పాటు చేయండి. ఫించ్‌ల కళ్లజబ్బు పాకింది గింజల డబ్బాల దగ్గరే. రోజూ నీళ్లు మార్చాలి, వారానికోసారి గిన్నెలు తోమి పలచని బ్లీచింగ్ నీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టాలి. ఒకే పెద్ద పళ్లెం కంటే విడివిడిగా నాలుగు చిన్నవి మేలు. కళ్లు వాచిన పక్షి గానీ, ఈకలు ఉబ్బించుకుని పట్టపగలు కదలకుండా కూర్చున్న పక్షి గానీ కనిపిస్తే, రెండు వారాలు గింజలు పెట్టడం ఆపేయండి. గుంపు చెదిరితే జబ్బు అంటుకోవడం కూడా తగ్గుతుంది. కంకుల కుచ్చులు వర్షానికి తడిసి బూజు పడితే తీసి పారేయండి.

రెండోది పురుగులు. పిచ్చుక పెద్దయ్యాక గింజలు తింటుంది గానీ, పిల్లల్ని పెంచేది గొంగళి పురుగులు, పేనుబంక, చిన్న కీటకాల మీదే. ఆ వారాల్లోనే పిల్ల ఒంట్లో రోగనిరోధక వ్యవస్థ రూపుదిద్దుకుంటుంది, దానికి మాంసకృత్తులు కావాలి. ఎంత మంచి అల్లీల్ ఉన్నా ఆకలితో పెరిగిన పిల్ల దాన్ని వాడుకోలేదు. గూళ్ల చుట్టుపక్కల మొక్కలకి పురుగుమందు కొట్టొద్దు. దోమలకి ఫాగింగ్ మెషిన్ పిలిపించే బదులు నీళ్లు నిలిచే చోట్లు, డ్రెయిన్ మూతలు సరిచేయించండి. దాంతో మీకూ దోమలు తగ్గుతాయి, పిచ్చుకలకి మలేరియా మోసేవీ తగ్గుతాయి.

మూడోది మీకు నిజంగా కావలసిన వైవిధ్యం. మీ కాలనీ నుంచి పిచ్చుకలున్న తర్వాతి చోటు ఎంత దూరమో ఒక ఆదివారం పొద్దున్నే నడిచి చూడండి. కాలువ గట్టున్న గుడిసెల దగ్గరో, రైతుబజార్ వెనకో, బియ్యం కొట్ల వీధిలోనో గుంపు ఉంటుంది. ఆ రెండింటి మధ్య దట్టమైన పొదలు ఎక్కడ తెగిపోయాయో గుర్తించండి. గోరింట, బోగన్‌విల్లా కంచెలు, తీగలు పాకిన గోడలు, పిచ్చుక రెండు నిమిషాలు దాక్కోగలిగే ఏ పొదైనా పనికొస్తుంది. మధ్యలో ఉన్న స్కూలు, గుడి, అపార్ట్‌మెంట్ వాళ్లతో మాట్లాడి అక్కడ కూడా ఆరేడు గూళ్లు పెట్టించండి. పెట్టెకి కన్నం ముప్ఫై రెండు మిల్లీమీటర్లు చాలు, అంతకంటే పెద్దదైతే గోరింకలు ఆక్రమిస్తాయి. ఏటా మే, జూన్ నెలల్లో ఒక్కో గూటి నుంచి ఎన్ని పిల్లలు ఎగిరాయో నోట్‌బుక్‌లో రాయండి. పిల్లలు తగ్గుతూ వస్తే అప్పుడు జబ్బుందా, తిండి లేదా అని వెతకొచ్చు. జన్యు పరీక్ష అవసరమని అప్పటికీ అనిపిస్తే, అనుమతి తీసుకుని హైదరాబాద్ సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట పనిచేసేవాళ్లతో కలిసి చేయాలి. ఆ నోట్‌బుక్ ఉంటేనే వాళ్లకీ ఆ జన్యువుల లెక్కకి అర్థం దొరుకుతుంది.